రాతిపొడి చొక్కాలు

నా పని బట్టలు ముట్టుకోకు. సంచిలో కట్టి పెరట్లో పెట్టాను, సాయంత్రం వచ్చి నేనే తడిపి ఉతుక్కుంటాను. లేవగానే వేళ్ళు బిగుసుకుపోతాయి కదా, కాసేపు గోరువెచ్చటి నీళ్ళలో ఉంచు. ఫ్లాస్కులో వేడినీళ్ళు పోశాను, మూత వదులుగానే పెట్టాను. మాత్ర మాత్రం ఏదైనా తిన్నాకే వేసుకో.

నిన్న డాక్టరమ్మ, "ఈ వయసులో కీళ్ళవాపు ఫలానా దానివల్లే వచ్చిందని తేల్చి చెప్పలేం గానీ, రాతిపొడి కూడా ఒక కారణం కావచ్చు. ఆయన బట్టలు దులిపేదెవరమ్మా?" అని అడిగింది. నువ్వు తడుముకోకుండా "పనిమనిషండీ" అన్నావు. ముప్పై ఏళ్ళు నేను రాళ్ళు కోసి వస్తే, గుమ్మంలో నిలబడి ఆ చొక్కాలు దులిపింది నువ్వే. మనింట్లో పనిమనిషి ఏనాడుందే? నా మనసు కష్టపడుతుందనే కదా ఆ అబద్ధం!

పనికి వెళ్ళేదారిలో డాక్టరమ్మకి నిజం చెప్పేసి వెళ్తాను. కోప్పడకు. ఇకమీదట బట్టలు పని దగ్గరే మార్చుకుని వస్తాను.

అన్నట్టు, జడ కోసం తంటాలు పడకు. వచ్చాక నేను వేస్తాను. వంకరగా వస్తే నవ్వకూడదు.