గోరింక అనే కంపెనీ

మా సూపర్‌వైజరు గారికి,

ఇక్కడ ముగ్గురం కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ మోకాలూ కూడా కులాసాగానే ఉన్నారనుకుంటున్నాను. నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు రాయలేదని కోపంగా ఉండి ఉంటావు. ఫోన్లో రెండుసార్లు అడిగావు కూడా, "చదివారా, ఏమనుకున్నారు?" అని. "రాస్తున్నా, రాస్తున్నా" అని దాటేశాను. ఏం చెయ్యను, ఫోన్లో నీ గొంతు వింటే నీకు నచ్చే మాటే నోటికొస్తుంది. కాగితం మీదైతే ఉన్నదున్నట్టు చెప్పగలనేమోనని ఇలా కూర్చున్నాను. ఆదివారం మధ్యాహ్నం. అమ్మ కునుకు తీస్తోంది. మన పిడుగు పక్కింటి మెట్ల మీద ఎవరితోనో పోట్లాడుతోంది.

ముందు చిన్న సంగతులు. మన పిడుగుకి ముందరి పన్ను ఊడింది. నొప్పికి ఏడవలేదు గానీ, "అమ్మ చూడకుండానే ఊడిపోయింది" అని వెక్కి వెక్కి ఏడ్చింది. సముదాయించడం నా తరం కాలేదు. చివరికి మా అమ్మే, "నీ నోట్లో ఇంకా బోలెడున్నాయిలే, మీ అమ్మ వచ్చాక తీరిగ్గా ఊడగొట్టుకో" అంది. అంతటితో ఏడుపు ఆగింది. లెక్కలు బాగా చేస్తోందట, టీచరు చెప్పింది. ఆ తెలివి నీది. నోరు మాత్రం మా అమ్మది.

అత్తయ్య ఏమన్నారని అడిగావు. నీ ఉత్తరం చదివి వినిపించాను. "ఏ ఊరైతే నాకేంట్రా, కోడలి చేతి ముద్ద తింటే చాలు. నీ వంట తిని తిని నా నాలుక చచ్చిపోయింది" అంది. అటక మీది పెట్టె దించమని అప్పటినుంచీ పోరుతోంది. ఉద్యోగం మానేస్తున్నట్టు కాగితం ఇచ్చావా అని రోజూ అడుగుతోంది. ఇవ్వలేదంటే, "ఆ ఆఫీసులో నీకేం పెట్టారురా, బెల్లమా?" అంటోంది.

ఆరేళ్ళుగా నువ్వు అక్కడ, మేం ఇక్కడ. ఇన్నాళ్ళకు మీ కంపెనీ నీకు కుటుంబంతో ఉండేందుకు క్వార్టర్ ఇచ్చింది. రెండు గదులు, వంటింటికి పెద్ద కిటికీ ఉందని రాశావు. నన్ను ఉద్యోగం మానేసి, అందరినీ తీసుకుని నెలాఖరుకల్లా వచ్చెయ్యమన్నావు. ముందు గదికి ఏ రంగు వేయించమంటారని అడిగావు. ఆ రంగు మాట దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి ఆగిపోతోంది. జవాబు చెబుతాను, కాస్త ఓపిక పట్టు. ముందు మా ఆఫీసు సంగతి వినాలి నువ్వు.

అలసిపోయానోయ్. పని చేసి అలసిపోతే ఒక నిద్రతో తీరిపోతుంది. నవ్వి నవ్వి అలసిపోతే ఏ నిద్రకూ తీరదు. విదేశీ కంపెనీలను రప్పించే ఆఫీసు కదా, వచ్చిన ప్రతివాడి ముందూ నవ్వాలి. పైగా మా దగ్గర 'లేదు' అనే మాట నిషిద్ధం. నీళ్ళున్నాయా అంటే "పథకం నడుస్తోంది" అనాలి. రోడ్డుందా అంటే "ఆమోదం వచ్చింది" అనాలి. మొన్న పిడుగు "చాక్లెట్ తెచ్చావా నాన్నా?" అంటే "పరిశీలనలో ఉందమ్మా" అన్నాను. అది మా అమ్మ దగ్గరికి వెళ్ళి, "నాన్న మళ్ళీ తేలేదు" అని చెప్పింది. పిల్లలకు తొందరగా అర్థమవుతుంది.

ఎవరైనా స్థలం చూడ్డానికి వస్తే మన వీధివాళ్ళకు ముందే తెలిసిపోతుంది. ఫ్యాక్టరీల వైపు కరెంటు పోకూడదని ఆ రోజంతా మనకు తీసేస్తారు. ఫ్యాను ఆగిందంటే చాలు, అమ్మ విసనకర్ర అందుకుని "ఏరా, మీ చుట్టాలొచ్చారా?" అంటుంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. మన దేశం పరుగులు పెడుతోందని పేపర్లో రోజూ రాస్తున్నారు. పరిగెత్తేది ఎవరో నాకు తెలియదు గానీ, ఆయాసం మాత్రం మాకే వస్తోంది.

ఇంకో పద్ధతి కూడా చెప్పాలి. ఏ కంపెనీ అయినా మన ఊరు చూడాలనుకుంటే ముందే తన పేరు బయటపెట్టదు. మధ్యవర్తి ఒకడొచ్చి, ఇంత స్థలం, ఇంత కరెంటు, ఇంతమంది మనుషులు కావాలంటాడు. ఎవరికోసమని అడక్కూడదు. పిలుచుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కాబట్టి మేమే ఒక పేరు పెట్టుకుంటాం. మా డైరెక్టరు గారికి పక్షులంటే సరదా. కొంగ, చిలుక, వడ్రంగిపిట్ట, అన్నీ వచ్చాయి, గింజలు తిన్నాయి, ఎగిరిపోయాయి. రెండేళ్ళుగా నా నెత్తిన కూర్చున్న పక్షి పేరు గోరింక.

గోరింకకు కావలసింది అనుభవమున్న ఆడవాళ్ళు. కార్లలో వేసే వైర్ల పని అని మధ్యవర్తి చెప్పాడు. మీ పనిలాంటిదే అనుకున్నాను, అంతకుమించి ఆలోచించలేదు. ఆ పని చేసే కంపెనీలు బోలెడున్నాయి కదా. మన ఊళ్ళో ఆ పనే లేనప్పుడు అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుంది? "ఇదొక్కటే అడ్డమయ్యా, ఏదో ఒకటి రాయి" అన్నారు డైరెక్టరు గారు. సరేనని కూర్చుని, గోరింకకు పంపే నివేదికలో పదకొండో పేజీ రాశాను. మా ఊరి ఆడవాళ్ళు ఎంతోమంది దూరపు నగరాల్లో ఈ పని చేస్తున్నారనీ, పిల్లల్ని ఇక్కడ వదిలి వెళ్ళారనీ, సొంత ఊళ్ళో పని దొరికితే జీతంలో మూడోవంతు తగ్గినా సంతోషంగా తిరిగొస్తారనీ రాశాను.

ఎలా తెలుసంటావా? నువ్వే చెప్పావు. పోయిన సెలవులకొచ్చి తిరిగి వెళ్తుంటే, ప్లాట్‌ఫారం మీద పిడుగు నీ చెయ్యి వదల్లేదు. రైలు కదులుతుంటే నేనే దాని వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాను. అప్పుడు నువ్వు కిటికీలోంచి, "సగం జీతమిచ్చినా చాలండీ, ఇక్కడ పనుంటే ఉండిపోదును" అని ఏడ్చావు. ఆ మాటకే కాస్త ఇస్త్రీ చేసి పేజీలో పెట్టాను. సగం తగ్గినా అంటే బాగుండదని మూడోవంతు చేశాను. పైగా నీకేదో మేలు చేస్తున్నానని సంబరపడ్డాను. అలాంటి ఫ్యాక్టరీ ఒకటి వస్తే నువ్వు ఇంటికొచ్చేస్తావని నా ఆశ.

పోయిన నెల గోరింక మనుషులు స్థలం చూడ్డానికి వచ్చారు. వాళ్ళకు పెద్ద ఒకావిడ. తెల్లజుట్టు, మెత్తటి మాట, అందరికీ తనే నీళ్ళు అందించే మర్యాదస్తురాలు. ఖాళీ షెడ్డులో నిలబడి, బల్లలు ఎలా వేయాలో చూడమని తన ఫోన్లో ఉన్న ఒక ఫోటో చూపించింది. ఏటవాలుగా నిలబెట్టిన చెక్కలు, వాటి మీద రంగురంగుల వైర్లు, రెండు వైపులా ఆడవాళ్ళు. చివర్న పసుపు టోపీ పెట్టుకుని, అటు తిరిగి నిలబడ్డ మనిషి ఒకరు. మొహం కనబడలేదు. ఎడమకాలు కాస్త వదులుగా వదిలి, బరువంతా కుడికాలి మీద వేసి నిలబడింది. ఆ నిలబడే తీరు నాకు తెలియదా? మోకాలు నొప్పి పెడితే నువ్వు అలాగే కదా నిలబడతావు.

"ఇది ఎక్కడి లైనండీ?" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.

"మా పాత ఫ్యాక్టరీ. ఇదే ఇక్కడికి వస్తుంది."

"అంటే, అక్కడిది అలాగే ఉంచి ఇంకొకటి..."

"కాదు. అక్కడ జీతాలు పెరిగిపోయాయి. రెండు చోట్ల నడపలేం" అంది. తర్వాత, "మీ పదకొండో పేజీ చదివాకే మాకు ధైర్యం వచ్చింది. ఎవరు రాశారో గానీ, మనుషుల్ని బాగా ఎరిగినవాళ్ళు" అంది. డైరెక్టరు గారు ఊరుకుంటారా, "ఈయనేనండీ!" అని నన్ను ముందుకు తోశారు. నవ్వాను.

ఇప్పుడు నువ్వడిగిన వాటికి జవాబులు. రిపేరుకని మీ ఫ్యాక్టరీ నుంచి పట్టుకెళ్ళిన రెండు టెస్టింగు మిషన్లు తిరిగి రాలేదేమిటన్నావు. అవి ఇక్కడున్నాయి. మన ఊరి కరెంటుకు తట్టుకుంటాయో లేదో చూస్తున్నారు. ఫ్యాక్టరీని పెంచుతున్నారని మీవాళ్ళంతా అనుకుంటున్నారు, నిజమేనా అన్నావు. పెంచడం లేదు. మూసేస్తున్నారు. అలాంటప్పుడు నీకు క్వార్టర్ ఎందుకిచ్చారని అడుగుతావు. సంతకాలు అయ్యేదాకా అక్కడి పని ఆగకూడదు, ఎవరికీ అనుమానం రాకూడదు. సూపర్‌వైజర్లకు క్వార్టర్లు ఇస్తే లైను మొత్తం నమ్ముతుంది. ఇది నాకెవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళు ఈ ఆఫీసులో ఉండి ఆమాత్రం ఊహించలేనా?

సంతకాలు వచ్చే నెల మొదట్లో. అప్పటిదాకా బయట నోరు విప్పబోమని మా అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు. ఆ తర్వాత పేపర్లో కొత్త పెట్టుబడి, కొత్త ఉద్యోగాలు అని పెద్ద అక్షరాలతో వేస్తారు. ఈ గదిలో కుర్చీని ఆ గదిలో వేసి, కొత్త కుర్చీ కొన్నామని చెప్పుకోవడం ఇది.

ఉండబట్టలేక డైరెక్టరు గారితో అన్నాను, "సార్, మా ఆవిడ పనిచేసేది అక్కడేనండీ" అని. ఆయన ఒక్క క్షణం ఆలోచించి నా భుజం తట్టారు. "అదృష్టవంతుడివయ్యా! మొదటి బ్యాచిలోనే ఆవిడను ఇక్కడికి తెప్పిద్దాం, నేను మాట్లాడతాగా" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు పాపం. నేనూ ఉబ్బిపోవాల్సింది. కానీ నీ బొద్దమ్మ గుర్తొచ్చింది. పని నేర్పిన అక్క అంటావు కదా, ఆవిడది ఆ ఊరే, ఎక్కడికీ కదిలే వీలు లేదు. ఇంటికి పునాది తవ్వించిందని పోయిన ఉత్తరంలో ఎంత సంతోషంగా రాశావు! కాన్పుకు వెళ్ళిన పిల్ల కోసం దాని చోటులో నువ్వు అదనంగా నిలబడి పని చేస్తున్నావని కూడా రాశావు. ఆ పిల్ల తిరిగొచ్చేసరికి ఆ చోటే ఉండదు.

సిగ్గుగా ఉంది. ఏడుస్తూ నాతో చెప్పుకున్న మాటను తీసుకెళ్ళి బేరంలో పెట్టాను. ఎవరి జీతం తగ్గుతుందో, ఎవరి పొయ్యి ఆరిపోతుందో ఆలోచించలేదు. నువ్వు ఇంటికొస్తావన్న ఒక్కటే కనబడింది నాకు. నన్ను తిట్టు. తిట్టినా తీరదని తెలుసు.

రంగు వేయించకు. నెలాఖరుకు మేం రావడం లేదు. అమ్మకు ఇంకా చెప్పలేదు, చెప్పే ధైర్యం రావడం లేదు.

ఇక నీ చేతిలో ఉంది. ఈ ఉత్తరం చింపేసి ఊరుకున్నావంటే కొద్ది నెలల్లో ఇక్కడుంటావు. జీతం తగ్గినా మన ఇంట్లో, పిడుగు పక్కలో పడుకుంటావు. నిన్నెవరూ తప్పుపట్టరు, నేనైతే అసలే పట్టను. చెప్పావంటే ఏమవుతుందో తెలియదు. మీవాళ్ళు గేటు ముందు కూర్చుంటే కంపెనీ వెనక్కి తగ్గవచ్చు. లేదా మూడో ఊరు చూసుకోవచ్చు. విషయం ఎవరి ద్వారా బయటికి వచ్చిందో తెలుసుకోవడం వాళ్ళకు చిటికెలో పని, నా ఉద్యోగం పోతుంది. అప్పుడు మనం ఒకచోట ఉండే మాట ఎన్నాళ్ళకు తేలుతుందో చెప్పలేను.

ఎవరికీ చెప్పొద్దని రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టాను. చేతకాలేదు. నీతో ఇన్నేళ్ళు కాపురం చేసినవాణ్ణి. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే నువ్వు అందరినీ కూర్చోబెట్టి దీన్ని మొదటినుంచీ చదువుతావని నాకు తెలుసు. అందుకే నా కోడికెలుకుడు రాత మానేసి, బిగ్గరగా చదవడానికి వీలుగా అక్షరాలు విడివిడిగా రాశాను.

ఇట్లు,
వాళ్ళందరి ముందూ అలా చెప్పుకోవడానికి నీకు అభ్యంతరం లేకపోతే,
మీ ఆయన