జోడుగుండ్ల కొండకు ఇద్దరమే

నవంబర్ 24, ఆదివారం

ఒప్పుకున్నాడు. జోడుగుండ్ల కొండకు వచ్చే నెల ఎనిమిదిన పోతున్నాం. నేనూ భూపేషూ, ఇద్దరమే. పదిహేనున మా పెద్దవాళ్లు తాంబూలాలు పుచ్చుకుంటారట. ఆలోపు ఒక్క రోజు ఈ మనిషి నాతో ఒంటరిగా ఎలా ఉంటాడో నాకు తెలియాలి. పెళ్లిచూపులకు వ్యాన్ నిండా జనంతో వచ్చాడు. తర్వాత ఐస్‌క్రీమ్ షాపుకు రమ్మంటే బాబాయిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ బాబాయి నా ఐస్‌క్రీమ్ కూడా తిన్నాడు. కొండెక్కి దిగేసరికి ఈ పెళ్లికి అవుననో కాదనో తేల్చేస్తానని అతనికే చెప్పాను. నవ్వాడు.

ఆ కొండ ఒకప్పుడు భూపేష్ వాళ్ల ఊరిదే. డ్యామ్ కట్టినప్పుడు ఊరు మునిగింది, వాళ్లు బనగానపల్లెకు చేరారు. కొండ మాత్రం నీళ్ల మధ్య దీవిలా మిగిలింది. అంతా రాళ్లే, చెట్టూ చేమా లేవు. చుట్టుపక్కల మనిషి ఉండడు. నాకు కావలసింది అదే. క్లినిక్‌లో రోజంతా కర్నూలు జనాల మోకాళ్లు వంచి వంచి విసుగొచ్చింది. ఫిజియోథెరపిస్టు మోకాళ్లకు కూడా కాస్త పని పడనీ.

నవంబర్ 26, మంగళవారం

పడవ దొరికింది. ఏసురాజు అని, అక్కడ చేపలు పడతాడు. పొద్దున ఆరుకల్లా రాండి మేడమ్, ఎండెక్కితే రాయి కాలుతాది అన్నాడు. ఇంత సులువుగా అయిపోయిందేమిటా అని నాకే అనుమానంగా ఉంది.

నవంబర్ 27

అనుమానం నిజమైంది. భూపేష్ వాళ్ల ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఊరు మునిగి నలభై ఏళ్లు దాటింది గానీ గ్రూపు మాత్రం బాగా తేలుతోంది. 'ఎనిమిదో తేదీ కొండకు పోతాండా' అని ఒక్క ముక్క. ఎందుకు పెట్టావయ్యా అంటే, చెప్పకుండా పోతే పెద్దనాయన బాధపడతాడట. పెద్దనాయనంటే తిమ్మయ్య, ఆ ఇంటికి పెద్ద దిక్కు. ఆయన ఏమీ బాధపడలేదు. తానూ వస్తానన్నాడు.

నవంబర్ 28

వంట మనిషి కూడా వస్తున్నాడు.

నవంబర్ 30, శనివారం

ఈరోజు అసలు సంగతి బయటపడింది. ఊరు ఉన్న రోజుల్లో ఏటా అందరూ పూజకు కొండకు పోయేవాళ్లట. ఎవరి కాలు ముందు కొండ మీద పడితే ఆ ఏడు మొదటి మర్యాద ఆ ఇంటిది. మొదటి టెంకాయ, మొదటి తీర్థం, అన్నీ. దాని మీద తిమ్మయ్య ఇంటికీ పరమేష్ అనే ఆయన ఇంటికీ తగువు. అది తెగకముందే నీళ్లొచ్చాయి. ఇళ్లు పోయాయి, పొలాలు పోయాయి, తగువు మాత్రం తడవకుండా బయటికి తెచ్చుకున్నారు మహానుభావులు.

ఆ పరమేష్ ఇప్పుడు రాయచోటిలో వ్యాపారం చేసుకుంటున్నాడు. అక్కడి నుంచే గ్రూపులో పెట్టాడు. తిమ్మయ్య కాలు పెడతాంటే మేమేం ఈడ గాజులు తొడుక్కొని కూర్చోలేదు, మేమూ వస్తాండాం అని. గాజులు తొడుక్కున్నదాన్ని నేను. ప్లానూ నాదే. నన్నెవరూ అడగలేదు.

డిసెంబర్ 3

ఫోన్ చేసి అరిచాను. ఇద్దరమే అన్నావు కదా అంటే అవునన్నాడు. మరి వాళ్లను రావద్దని చెప్పు అంటే తప్పకుండా చెప్తానన్నాడు. సాయంత్రం అడిగితే, చెప్పబోయాడట. అంతలో పెద్దనాయన పొట్టేలు సంగతి ఎత్తాడట. మధ్యలో అడ్డం పడితే బాగుండదని ఊరుకున్నాడట.

పొట్టేలు!

డిసెంబర్ 6, శుక్రవారం

బనగానపల్లెలో పంచాయితీ జరిగింది, రాజీ కుదిరింది. రెండు పడవలు పక్కపక్కనే కట్టేస్తారు. తిమ్మయ్య, పరమేష్ ఒకేసారి కుడికాళ్లు దింపుతారు. ఈ ఐడియా భూపేష్‌దే. పొంగిపోతూ నాకు థమ్సప్ ఎమోజీ పంపాడు.

ఏసురాజుకు చెప్తే, దిగే రాయికాడ ఒక్క పడవకే సందు ఉండాది మేడమ్, రెండు యాడ పడతాయి అన్నాడు. అదే భూపేష్‌కు చెప్తే ఆ రోజు చూసుకుందాంలే అన్నాడు. వాళ్లమ్మ కృష్ణవేణమ్మ కూడా వస్తోందట, వంట దగ్గర ఉండడానికి. తిక్క రేగి మానేద్దామనుకున్నా. మానేస్తే నాకేం తెలుస్తుంది? పోతా.

డిసెంబర్ 8, ఆదివారం సాయంత్రం

ఆరుకు రమ్మంటే తొమ్మిది దాటాక బయలుదేరారు. తిమ్మయ్య వర్గానికి ఒక పడవ, పరమేష్ వర్గానికి ఒకటి. మూడోది ఏసురాజుది. అందులో వంట డేక్సాలు, వంట మనిషి, పొట్టేలు, కృష్ణవేణమ్మ, నేను. భూపేష్‌ను మా పడవలోకి రమ్మన్నాను. వాళ్లను దింపేసి వస్తా అని పెద్దనాయన పక్కన కూర్చున్నాడు.

ఏసురాజు చెప్పినట్టే ఒక్క పడవకే సందు. నువ్వు వెనక్కి తియ్యమంటే నువ్వు తియ్యమని ఇద్దరూ. తిమ్మయ్య కుడికాలు ఎత్తి నిలబడ్డాడు. పడిపోకుండా ఒకాయన నడుము పట్టుకున్నాడు. అది చూసి పరమేష్ కూడా కాలెత్తాడు. మధ్యలో భూపేష్, పరమేషప్పా నువ్వు చెప్పిందీ నిజమే, పెద్దనాయనా నువ్వన్నదీ నిజమే అంటూ. ఎండ ముదిరింది. నాకు కోపంతో ఏడుపొచ్చింది.

అప్పుడు కృష్ణవేణమ్మ, వెనక పక్క దావ ఉండాదా అని ఏసురాజును అడిగింది. ఉండాది గానీ శానా నిటారు అన్నాడు. పోనీ అంది. అక్కడికి చేరగానే కొంగు నడుముకు చుట్టి, చెప్పులు చేత పట్టుకుని దిగేసింది. మొదటి అడుగు మీదే పడిందండీ అన్నాను. ఆడోళ్ల కాలు ఎవురు లెక్కపెడతారమ్మా, నడువు అంది.

ఎక్కాం. కొన్ని చోట్ల చేతులతో పాకాం. అరవై దాటిన మనిషి పైనుంచి చెయ్యిచ్చి నన్ను లాగింది. ఊరు మునగడానికి రెండేళ్ల ముందు కోడలిగా వచ్చిందట. రెండేళ్లూ ఆడవాళ్లు కింద వండారు, మగవాళ్లు పైకెక్కారు. ఇక్కడి నుంచి ఏం కనపడుతుందో ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. పైన నాలుగు దిక్కులా తిరిగి చూసింది. తర్వాత నీళ్లలోకి చెయ్యి చూపించి మా వంటిల్లు ఆడ అంది. కాదు కాదు, ఈడ అంది. నవ్వింది. నాకు ఆమె భలే నచ్చింది.

మీ వాడి గురించి చెప్పండి అని అడిగాను. వాడు మంచోడే అంది. ఎవురికీ కాదనడు, నీకు కూడా కాదనడు అంది.

కింద పడవలు అక్కడే ఉన్నాయి. చున్నీ ఊపాను. భూపేష్ చూశాడు. చూసి వేలెత్తాడు, ఒక్క నిమిషం అని. మేం దిగి వచ్చేసరికి కూడా అక్కడే ఉన్నాడు. కాళ్లు ఎవరివీ దిగలేదు. పొట్టేలు బతికిపోయింది.

డిసెంబర్ 10

భూపేష్‌కు వద్దని చెప్పేశాను. సరే అన్నాడు. దానికీ సరేనే.

సాయంత్రం కృష్ణవేణమ్మ ఫోన్. తిట్లకు సిద్ధమై ఎత్తాను. ఇంకో కొండ యాడైనా ఉంటే చూడమ్మా అంది. తనకు బూట్లు ఆరో నంబరంట.