గోడ మీద రెండు కాగితాలు

అన్నా,

మంసాపురంలో నువ్వూ వదినా బాగుండారా? ఇక్కడ మా మిఠాయి అంగడిలో నాకు చెయ్యి కడుక్కునే తీరిక కూడా లేదు!

పోయిన ఆడి నెలలో ఫుడ్ సేఫ్టీ వాళ్ళు నా లడ్డును పరీక్ష చేసి, "రంగు పొడి కలిపినారు" అని అందరూ చదివేటట్టు అంగడి గోడకే కాగితం అంటించినారు కదా. "చించి పారెయ్యి" అని నువ్వు ఫోన్‌లో అరిచినావు. నేను చించలేదు. రంగు డబ్బానే పారేసినాను.

లడ్డు పాలిపోయింది. పెండ్లికి పుట్టింటోళ్ళు పంపే సీరు తట్టల్లో దీన్ని ఎవరు పెడతారని ఏడ్చినాను. నిన్న వాళ్ళే మళ్ళీ వచ్చి, "కల్తీ లేదు" అని కొత్త కాగితం ఇచ్చినారు. దాన్ని పాతదాని పక్కనే అంటించి, రెండిటికీ పసుపు కుంకుమ పెట్టినాను. మా వీధి ఇళవరసి టీచరమ్మ నిలబడి రెండూ చదివింది. "మా పాప పెండ్లికి ఈ లడ్డే కావాల, వెయ్యి లడ్లు చెయ్యి" అనింది! సాయంత్రానికి ఎదురంగడి అతను కూడా తన రంగు డబ్బా పారేసినాడు.

అన్నా, రంగు వెయ్యడం నీ అంగడిలోనే నేర్చుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆదివారం రా, వెయ్యకుండా చెయ్యడం నేను నేర్పిస్తాను.

నీ చెల్లెలు