తొమ్మిదో పళ్ళెం

యూసుఫ్‌గూడ, మంగళవారం

గౌరవనీయ దర్శకులు వరప్రసాద్ గారికి,

మన మొదటి సినిమా వంద రోజులు ఆడితే బంజారా హిల్స్ పెద్ద హోటల్లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, ధరలు చూడకుండా భోంచేద్దామని ముప్పై ఎనిమిదేళ్ల కిందట మాటిచ్చింది మీరే. సినిమా ఆడింది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ హోటల్ మెట్ల దగ్గర రెండు గంటలు నిలబడ్డాను. మీరు డిస్ట్రిబ్యూటర్లతో లోపల తింటున్నారని చివరికి వాచ్‌మన్ చెప్పాడు. ఆ సినిమాలో మాటలన్నీ నావి. తెర మీద మాత్రం నా పేరు ‘సహకారం’ కింద, లైట్లు అద్దెకిచ్చినవాడి పేరు తర్వాత వచ్చింది.

ఇప్పుడు డ్రైవర్ చేత కవరు పంపారు. జూబ్లీహిల్స్‌లో పదకొండు పళ్ళాల మధ్యాహ్న భోజనమట, మనిషికి తొమ్మిది వేలట. ఫోన్ చేస్తే ఎత్తరు. పెద్దవారయ్యాక గొంతు కూడా ఖరీదైపోయిందా? విందుల గురించి పెద్దలు రాసినవి చాలా చదివాను. అన్నిట్లోనూ తిన్నవాడి తృప్తి కన్నా పెట్టినవాడి గొప్పే ఎక్కువ. నేను రాను.

ఇట్లు,
సహకారం సూర్యప్రకాశరావు


ఫిల్మ్‌నగర్, బుధవారం

ఒరేయ్ సూర్యం,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ రోజు నిన్ను పిలుద్దామంటే కుర్చీ లేదన్నారు. నేను లేచి నాది ఇవ్వాల్సింది. లేవలేదు. 

జూబ్లీహిల్స్‌లో వండే అమ్మాయి పేరు మహతి. తిని వచ్చినవాళ్లందరినీ రుచి ఎలా ఉందని అడిగాను. ఒక్కొక్కరు నలభై ఫొటోలు చూపించి ‘సూపర్ సార్’ అంటున్నారు. నాకు ఫొటోలు వద్దు, రుచి కావాలి. మనం కలిసి ఉన్న అద్దె గదిలో నువ్వు సీను చెబుతుంటే నాకు సినిమా కనబడేది. నచ్చకపోతే బల్ల మీద కొట్టేవాణ్ణి, నువ్వు తిట్టుకుంటూ మళ్ళీ చెప్పేవాడివి. అలా చెప్పేవాడు ఈ ఊళ్లో ఇంకొకడు లేడు.

శనివారం ఒంటిగంటకు వెళ్లు. నీ ఎదుటి కుర్చీలో నేనుంటాను.

ఎప్పటికీ నీ గదివాడు,
వరం


యూసుఫ్‌గూడ, ఆదివారం

వరప్రసాద్,

రెండోసారి కూడా రాలేదు. శభాష్.

ఆటోవాడు గేటు ముందు దించేసి, “గీడ ఆటోలు లోపటికి పోనియ్యరు సార్, జర నడువుండ్రి” అన్నాడు. నడిచాను. అద్దాల గోడ పక్కన బల్ల, రెండు కుర్చీలు. వడ్డించే అమ్మాయి నిహారిక ఇంకో సార్ వస్తారా అని అడిగితే వస్తాడన్నాను. మూడో పళ్ళెం దాకా వాకిలి వైపే చూశాను. తర్వాత మానేశాను. మాన్పించింది మహతి వంట.

తిట్టడానికి తయారై వెళ్లినవాణ్ణి. చాటంత పళ్ళెంలో చిటికెడు పెట్టి ఉపన్యాసం ఇస్తారనుకున్నాను. ముందు చిన్న గాజు గ్లాసులో ఉలవచారు వచ్చింది, డికాక్షన్‌లా తేటగా. గుక్క తాగితే ఏమీ లేదు. మింగాక పొగ, మట్టికుండ, జీలకర్ర ఒక్కొక్కటే నాలుక వెనక నుంచి లేచాయి. మంచి డైలాగు అలాగే ఉండాలి, విన్న కాసేపటికి తగలాలి. జన్మలో అలాంటివి అయిదు రాశాను. మూడు నువ్వు కోసేశావు.

తర్వాత అరిటాకులో కొర్రమీను, చింతచిగురు. పులుపు ముందు రాలేదు. చేప తీపిని ముందు నడవనిచ్చి, అది వెనక వచ్చింది. మర్యాద తెలిసిన పులుపు. నేను నెత్తిన పెట్టుకున్న పుస్తకాల్లోనూ కొట్టేయదగ్గ పేజీలున్నాయి. ఆ పిల్ల వంటలో కొట్టేయదగ్గ మెతుకు కనబడలేదు. పక్క బల్లవాళ్లు చేప చల్లారేదాకా ఫొటోలు తీశారు. వాళ్ల తొమ్మిది వేలు మాత్రం శుద్ధ దండగ.

తొమ్మిదో పళ్ళెం మాడు. నిజంగానే అడుగంటిన అన్నం, బంగారు రంగు పెంకులాగా, మీద నెయ్యి, పక్కన గోంగూర. కిరసనాయిలు స్టవ్ మీద అన్నం మాడినప్పుడల్లా ఒకడు విరవాలి, రెండోవాడు ముక్క ఎంచుకోవాలి, ఆ తర్వాతే ఇద్దరూ తినాలి అని మన గది రూలు. నా చేతులు వాటంతటవే విరిచేశాయి. విరిచాక చూస్తే ఎంచుకునేవాడు లేడు. నిహారిక వచ్చి, “నచ్చలేదా అండీ?” అంది.

“సగం నాది కాదమ్మా” అన్నాను.

రెండు ముక్కలూ చల్లారిపోయాయి. అలాగే వెనక్కి పంపాను.

రుచి అడిగావు, చెప్పాను. ఇక ఉత్తరాలు రాయకు.

సూర్యప్రకాశరావు


ఫిల్మ్‌నగర్, సోమవారం

సూర్యం,

ఈ ఒక్కటీ చదువు.

నేను వచ్చాను. అద్దాల గోడ అవతల కారులో కూర్చున్నాను. గొంతు ఖరీదైపోయిందా అని రాశావు. ఉంటే కదా. ఏడు నెలల కిందట క్యాన్సరని తీసేశారు. మాటతో పాటు మింగడమూ పోయింది. పొట్టలోకి గొట్టం పెట్టారు. మా కోడలు భువన రోజుకి ఆరుసార్లు అందులో పాలలాంటిదేదో పోస్తుంది. దిగుదామని రెండుసార్లు తలుపు తీశాను. నన్ను చూస్తే నువ్వు ముద్ద ముట్టవని మళ్ళీ వేసేశాను.

ఉలవచారు తాగి నువ్వు కళ్ళు మూసుకోవడం చూశాను. సీను కుదిరినప్పుడు అలాగే మూసుకునేవాడివి. మాడు విరవడమూ చూశాను. అవతలివాడి వైపు ముక్క పెద్దది. ఆ రోజుల్లోనూ అంతే, నాకు తెలియదనుకునేవాడివి.

నిన్న డ్రైవర్ తెచ్చిన నీ ఉత్తరంలో చింతచిగురు దగ్గరికి వచ్చేసరికి నా నోట్లో నీళ్లూరాయి. ఏడు నెలల్లో మొదటిసారి. ఏమైందోనని భువన కంగారు పడింది. తొమ్మిది వేలకి ఇంకేం కావాలిరా?

వరం


యూసుఫ్‌గూడ, మంగళవారం

ఒరేయ్ వరం,

చొక్కా ఇస్త్రీకి ఇచ్చాను. ఇవాళే వద్దామనుకున్నాను గాని, బదులు చెప్పలేనివాడి ముందు నేనేం వాగుతానో నా మీద నాకే నమ్మకం లేక ముందు రాస్తున్నాను.

ఆ భోజనం అంత ఖరీదుకి తగినదేనా? తిని వచ్చి చెప్పడానికి ఇంటి దగ్గర ఒకడుంటే, తగినదే.

మహతికి ఫోన్ చేశాను. పొట్లాలు కట్టి పంపే అలవాటు తమకు లేదంది. సంగతి చెప్పాను.  “మాడు వేడి మీదే బాగుంటుందండీ, నేనే తెచ్చి అక్కడ కాల్చి ఇస్తాను” అంది. గురువారం మధ్యాహ్నం ఇద్దరం వస్తున్నాం. నేను విరుస్తాను. నువ్వు వేలితో చూపించు. నీ ముక్క కూడా నేనే తిని ఎలా ఉందో చెబుతాను. చెప్పింది నచ్చకపోతే బల్ల మీద కొట్టు. తిట్టుకుంటూ మళ్ళీ చెబుతాను.

గురువారం దాకా ఓపిక పట్టు.

నీ సూర్యం

తా.క. పాత హోటల్ మెట్ల సంగతి కొట్టేశాను. కాని గొట్టం చూస్తే నేను మొహం తిప్పుకుంటానని భయపడి, అద్దం అవతల దాక్కుని, నా ఎదుట కుర్చీ ఖాళీగా ఉంచి, బంగారం లాంటి మాడుని చల్లారనిచ్చినవాడు ఒకడున్నాడు. వాడి మీద మాత్రం నా కోపం పోలేదు, పోదు. వాడి పేరు వరప్రసాద్.