అమ్మ ఒక్కపొద్దు

నవంబర్ 8, శనివారం
అమ్మ మళ్ళీ ఒక్కపొద్దు. నా ఉద్యోగ పరీక్ష ఫలితాలు వచ్చేదాకా అని మొక్కు. మొదట శనివారాలే. ఇప్పుడు సోమ, గురు కూడా... పాలు, అరటిపండు. గుండెలో కవాటం మార్చినప్పటి నుంచి వేసుకుంటున్న రక్తం పలచబడే మాత్ర మాత్రం మానదు. కడుపులో నొప్పంటే గ్యాసట.

నవంబర్ 10
వాంతులు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు ఆసుపత్రి దాకా కారులో అమ్మ తల నా ఒళ్ళో.

నవంబర్ 11
స్కాను. పేగు గోడ లోపల దానంతట అదే రక్తం కారి గడ్డకట్టిందట. దెబ్బ లేదు, పుండు లేదు. దారి మూసుకుపోయింది.
"సరిగ్గా తింటా ఉండాదా?" డాక్టరు అడిగాడు. అమ్మ నా వైపు చూసింది, చెప్పొద్దని. చెప్పాను. నాది కాన్వెంటు నేర్పిన మెల్లటి గొంతు... రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.
"తిండి తగ్గితే అదే మాత్ర రెండింతలు పనిచేస్తాదమ్మా."
అమ్మ నాతో మాట్లాడటం లేదు.

నవంబర్ 12
కోత లేదు. మాత్ర ఆపారు. విరుగుడు ఇంజెక్షన్, ప్లాస్మా, సెలైన్, ముక్కులో గొట్టం. నోట్లో నీటిచుక్క కూడా పడకూడదు. ఇక ఎదురుచూడటమే వైద్యం.
చూడవచ్చిన మామ, అమ్మకు అన్న, వార్డంతా వినబడేలా: "కోసి తీసెయ్యకుండా సూస్తా కూర్చునేదానికి డాక్టరెందుకు? మా గొడ్ల డాక్టరు మేలు!"
నర్సు: "అయితే ఆడికే తోలుకుపో పెద్దాయనా."
నవ్వు రాబోయి ఏడుపొచ్చింది.

నవంబర్ 13
అమ్మ తొలి మాట: "ఒక్క గుక్క మజ్జిగ ఇయ్యే."
వద్దన్నాను. ఇన్ని ఒక్కపొద్దులు ఉన్నదానివి, ఇదీ ఉండలేవా?
"అది దేవుడికి. ఈ డాక్టరుకెందుకుండాల?"
ఒళ్ళు మండింది. వరండాలో పుస్తకం తెరిచాను. ఎంతసేపటికీ అదే పేజీ.

నవంబర్ 15
నొప్పి తగ్గింది. ఇప్పుడు మాత్ర గొడవ. వేస్తే పేగులో మళ్ళీ రక్తం. వేయకపోతే కవాటం మీద గడ్డ. నెల్లూరు గుండె డాక్టరుతో ఫోన్లు. నేను వరండాలో... ఎవరి మీద కోపమో తెలియదు.

నవంబర్ 18
గంజి. రెండు చెంచాలు. నిలిచింది.

నవంబర్ 22, శనివారం
నిన్న రాత్రి ఇంటికొచ్చాం. మాత్ర మళ్ళీ, తక్కువ మోతాదులో. రోజూ ఒకే తీరుగా తినాలి, రక్తపరీక్ష తప్పకూడదు. ఇంత చెప్పించుకుని వచ్చి, పొద్దున్నే తలస్నానం చేసి మళ్ళీ ఒక్కపొద్దుకు కూర్చుంది అమ్మ. ఫలితాలు ఇంకా రాలేదు.
"మొక్కు మజ్జెలో ఇడిస్తే నీకు ఉద్యోగం వస్తాదా?"
"నాకొద్దు ఉద్యోగం."
"అట్టనబాక. నోరు కడుక్కోపో."
చివరికి అన్నాను: "నీ ఒక్కపొద్దు నేనుంటా. నువ్వు తిను."
నాకు దేవుడి మీద నమ్మకం లేదని అమ్మకు తెలుసు.
"నువ్వుంటే చెల్లుద్దంటావా?"
తెలియదన్నాను.
ఇడ్లీ చల్లారిపోతోంది. అమ్మ పళ్ళెం వైపు చూడదు. నన్నే చూస్తోంది...