పేర్లు తీసేసిన పటం

మార్కాపురం

అక్కకు,

మణి నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను, నా గురించి బెంగ వద్దు. నువ్వూ, బావా, పిల్లలూ, అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నేనడిగితే నాకేం, గట్టిగానే ఉన్నాను అంటుంది. నిజం నువ్వు రాయి.

ఈ సంగతులు ఫోనులో చెబుదామని మొదలుపెట్టి మానేశాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను. అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఎక్కడ వదిలెయ్యాలో నీకే తెలుస్తుంది.

ఇక్కడ ఎండలు ముదిరాయి. బస్సు కిటికీలోంచి ఎంత దూరం చూసినా ఎర్రనేల, ముళ్ళ చిల్లచెట్లు, కంది కోసిన మోళ్ళు. మన ఉద్దానం కొబ్బరితోటల్లో పెరిగిన కళ్ళకు ఇంకా అలవాటు కాలేదు. నా గది కింద కిరాణా దుకాణం. దుకాణం పిన్ని మంచిది, అప్పుడప్పుడు ఊరిమిండి అని ఇక్కడి రోటిపచ్చడి చేసి గిన్నెలో పంపుతుంది. సజ్జరొట్టెతో బాగుంటుంది గానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగే కారం. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు చేపలు గట్టిగా మూటగట్టి పంపు. పిన్ని వాళ్ళింట్లో తినరు, వాసన బయటికి రాకూడదు.

నా పని ఏమిటని బావ అడిగాడట. నాన్నకు వచ్చిన కిడ్నీ జబ్బే ఈ పడమటి పల్లెల్లోనూ ఉంది. ఎక్కడ ఎంత ఉందో తెలుసుకోవడానికి మా డాక్టరుగారు ఒక చిన్న సంస్థ నడుపుతున్నారు. నేను ఇంటింటికీ తిరిగి అడిగినవన్నీ ఫోనులో ఒక యాప్‌లోకి ఎక్కిస్తాను. సిగ్నలు లేని ఊళ్ళో కూడా ఆ యాప్ పని చేస్తుంది, సిగ్నలు దొరికాక అదే పంపుకుంటుంది. తర్వాత ఆఫీసులో ఒక పాత లాప్‌టాప్ మీద లెక్కలు తేల్చి పటం గీస్తాను. ఇవన్నీ ఉచిత సాఫ్ట్‌వేర్లే అక్కా. ఎవరెవరో దేశదేశాల వాళ్ళు రాసి అందరికీ వదిలేశారు. మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు కూడా. ఆ యాప్‌లో నీళ్ళ గురించి ముందు కుళాయి, బావి అనే ప్రశ్నలే ఉండేవి. బోరు ఎంత లోతు, ట్యాంకరు నీళ్ళా, క్యాను నీళ్ళా, నొప్పుల బిళ్ళలు ఎన్నాళ్ళుగా మింగుతున్నారు, ఇవన్నీ నేనే చేర్చాను. డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేరైతే మాలాంటి వాళ్ళం దాని గుమ్మం కూడా తొక్కలేము.

వెలిగండ్ల మండలంలో ఒక పల్లెకు పోయినప్పుడు మొదట ఎవరూ తలుపు తీయలేదు. ఒక పెద్దరైతు అరుగు మీద కూర్చోబెట్టి అంతా విన్నాడు. ఊరంతా ఆయన్ను పెదనాయన అంటుంది, నేనూ అలాగే పిలిచాను. ఈ యాప్ ఊరికే వచ్చిందంటే ఆయనకు నమ్మకం కలగలేదు.

"ఊరికే ఇచ్చినదాంట్లో పని ఎట్ల జరుగుతాదమ్మా?" అన్నాడు.

మీరు పక్కింటివాళ్ళ చేలో పనికి పోతే, వాళ్ళు మీ చేలోకి రావడం లేదా, అలాంటిదే అన్నాను. ఆ మాట ఆయనకు నచ్చింది. మర్నాడు తనే ముందు నిలబడి ఊరందరి చేతా పరీక్షకు రక్తం ఇప్పించాడు. ఆయన కూతురు రమణమ్మ కనిగిరిలో ఒక దుకాణంలో బట్టలు కుడుతుంది. ఆ రోజు పని మానుకుని వచ్చి, ముసలివాళ్ళను పట్టుకుని వరసలో కూర్చోబెట్టింది.

ఫలితాలు వచ్చాయి. చెడ్డవాటిల్లో అన్నిటికన్నా చెడ్డది పెదనాయనదే. పైకి ఏమీ కనబడలేదు అక్కా, నాన్నకు లాగే. నడుము నొప్పికి దుకాణంలో బిళ్ళలు కొని మింగుతూ చేను దున్నుకుంటున్నాడు. కాగితం చదివి చెప్పాల్సింది నేనే. నాన్నకు ఆ మాట చెప్పిన డాక్టరు గోడకేసి చూస్తూ చెప్పాడు, గుర్తుందా? నేను మాత్రం పెదనాయన మొహం చూస్తూనే చెప్పాను. ఆయన రమణమ్మ పెళ్ళి అయ్యేదాకా బతుకుతానా అని మాత్రం అడిగాడు. గిద్దలూరు వైపు సంబంధం అప్పటికే ఖాయమైంది.

ఆ తర్వాత జరిగింది రాయడం కష్టంగా ఉంది. అధికారుల సమావేశంలో మా పటం చూపించాలి. ఊళ్ళ పేర్లు తీసేద్దామని నేనన్నాను. పేర్లు లేకపోతే ఏ ఊరికి మంచినీళ్ళు ఇవ్వాలో వాళ్ళకెలా తెలుస్తుందని డాక్టరుగారన్నారు. ఆయన మాటా నిజమే. పేర్లతోనే చూపించాం. అక్కడెవరో తెర మీది పటాన్ని ఫోనులో ఫొటో తీశారు. వారం తిరక్కుండానే అది వాట్సాప్‌లో గిద్దలూరు దాకా పోయింది. ఆ ఊరి పిల్ల అంటే మాకు భయం, రేపు పుట్టే పిల్లలకు కూడా వస్తే ఏం చెయ్యాలి అని పెళ్ళివారు కబురు పెట్టారు.

నేను భయపడుతూనే పోయాను. పెదనాయన మంచం మీద ఉన్నాడు, కాళ్ళు వాచాయి.

"నువ్వేమన్నా అబద్ధం రాసినావా తల్లీ? లేదు గదా. ఏడవబాక," అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఊళ్ళో మళ్ళీ తలుపులు మూసుకున్నాయి. రెండోసారి పరీక్షలకు ఎవరూ రాకపోతే, ఆ వాచిన కాళ్ళతోనే కర్ర పట్టుకుని నా వెంట గడపగడపకూ తిరిగాడు. నేను వద్దన్నా వినలేదు. ఆ తిరుగుడులో నాలుగిళ్ళల్లో జబ్బు మొదట్లోనే బయటపడింది. వాళ్ళకు మందులతో ఇంకా దారి ఉందట.

తిరిగి వచ్చాక పటాన్ని మార్చేశాను. ఇప్పుడు ఊరి పేరు కనబడదు, మనిషి పేరు అసలే రాదు, ఒక నంబరు మాత్రం ఉంటుంది. నంబరుకూ మనిషికీ ఉన్న లంకె డాక్టరుగారి దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండదు. ఆ ఊరికి నీళ్ళ ట్యాంకు కట్టిస్తామని అధికారులన్నారు గానీ ఇంకా రాలేదు. ఇంతకూ జబ్బు నీళ్ళ వల్లనా, బిళ్ళల వల్లనా, ఎండ వల్లనా అంటే మా లెక్కలు ఇంకా చెప్పలేకపోతున్నాయి. ఎక్కడుందో చెబుతాయి, ఎందుకుందో చెప్పవు.

పెదనాయన కొన్నాళ్ళు బస్సెక్కి డయాలసిస్‌కి పోయాడు. తర్వాత ఎక్కలేకపోయాడు. పోయిన నెల చనిపోయాడు.

చావు జరిగిన ఇంట్లో అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. వాపు ఎప్పుడు మొదలైంది, వాంతులు అయ్యాయా, చివర్లో మాట పోయిందా. నాకు బదులు వేరేవాళ్ళను పంపుతానని డాక్టరుగారన్నారు. నేనే పోతానన్నాను. రమణమ్మ అన్నిటికీ నెమ్మదిగా, తడుముకోకుండా చెప్పింది. అంతా అయ్యాక ఫోను అడిగి తీసుకుని చూసింది.

"పేరు యాడ రాసినావు?"

పేరు ఉండదు, నంబరే ఉంటుంది, మీ మేలు కోసమే అలా మార్చామని చెప్పాను.

"నా సంబంధం పోయినందుకు దాచినారు, సరే. ఇప్పుడు మా నాయనే పోయినాడు గదక్కా. పేరు లేకుంటే పోయింది ఎవురని తెలుస్తాది?"

ఒక్క మనిషి పేరు కనబడితే ఊరు కనబడుతుంది, ఊరు కనబడితే ఇంకో పిల్ల పెళ్ళి ఆగుతుంది. అది ఆమెకూ తెలుసు. ఫోను నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. కనిగిరి దగ్గర సిగ్నలు వచ్చాక, ఆయన వివరాలు నంబరుతోనే వెళ్ళిపోయాయి. బస్సులో కూర్చుని చూస్తూ ఉన్నాను.

అమ్మకు రక్తపరీక్ష చేయించు. పండగ అయ్యాక అనకు, ఈ వారమే చేయించు. నొప్పుల బిళ్ళలు ఆమె డబ్బాలో ఉంటే తీసి పారెయ్, తిట్టినా సరే. నువ్వూ చేయించుకో. నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. మానేసి వచ్చెయ్యమని మాత్రం రాయకు. ఆ నాలుగిళ్ళకు మళ్ళీ పోవాలి.

అమ్మ పాదాలకూ, అత్తయ్యగారికీ నా దండాలు. పిల్లలకు ముద్దులు. మీ అందరి దీవెన నా మీద ఉండాలి.

ఆయన పేరు మాలకొండయ్య. నేను రాయగలిగింది ఇక్కడొక్కచోటే. ఒక్కసారి పైకి చదువు అక్కా.

నీ చెల్లెలు,
మణి