ఫొటో దిగనన్న ఆవిడ

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ బావగారి దగ్గు తగ్గింది, నా మోకాలు చెప్పిన మాట వింటోంది. నాకు ఒళ్ళు మండిపోతోందన్న ఒక్కటి తప్పిస్తే ఇంట్లో ఏ లోటూ లేదు. ఫోనులో చెబుదామంటే "మీటింగులో ఉన్నానక్కా" అంటావు. ఉత్తరానికి ఆ సాకు చెల్లదు కనక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నీ సన్మాన సభలో నేను చదవాల్సిన ఉపన్యాసం అందింది. చిన్నప్పటి నుంచీ నీది దానగుణమని అందులో ఉంది. ఎవరు రాశారోగానీ, పొట్లంలో బిస్కట్లన్నిటికీ నాలిక తగిలించి "అన్నీ ఎంగిలే, ఇక నావే" అన్న రోజులు వాళ్ళకి తెలియవు పాపం. తెర మీద వేయడానికి మన ఉచిత వార్డు ఫొటోలు మంచివి పది ఏరి పంపమన్నావు. ఏరలేదు. ఆ వార్డు హెడ్ నర్సుగా ఎందుకు ఏరలేదో చెబుతాను, విను.

నీ కష్టం నాకు తెలియంది కాదు. నీకు పందొమ్మిదేళ్ళప్పుడు పెద్ద డాక్టరుగారిని బతిమాలి, ఈ ఆసుపత్రిలోనే చీటీలు రాసే కౌంటర్లో నిన్ను కూర్చోబెట్టింది నేనే. రాయడం రానివాళ్ళ ఫారాలు నువ్వే నింపేవాడివి, ఎక్కడ నొప్పో నిదానంగా అడిగి మరీ. అక్కడి నుంచి సూపర్‌వైజరువి, మేనేజరువి, ఇప్పుడు పదకొండు ఆసుపత్రుల కంపెనీకి పెద్దవాడివి. ఒకరి నోటి దగ్గరిది లాక్కుని ఎదగలేదు. ఈ ముప్ఫై పడకల వార్డు నీ జీతంలోంచే కట్టించావు. ఇక్కడ చేరి, బతికి, తమ కాళ్ళ మీద నడిచి ఇంటికెళ్ళినవాళ్ళని కళ్ళారా చూశాను. నీ దానం దొంగదానమైతే ఇంత కోపం రాదు, ఛీ అనుకుని ఊరుకునేదాన్ని.

పోయిన నెల ఒకావిడ చేరింది. మా వీధిలో బడిపిల్లల బట్టలు కుడుతుంది, నాకన్నా నాలుగేళ్ళు చిన్న. రొమ్ములో గడ్డ. ఇంకా ముదరలేదు, ఇప్పుడు తీసేస్తే బతుకుతుంది, ఆలస్యం మాత్రం చెయ్యొద్దన్నాడు డాక్టరు. తెల్లారితే ఆపరేషననగా నీ ప్రచారం చూసే మేనేజరు కెమెరా తగిలించుకుని దిగాడు. చేరేటప్పుడొక ఫొటో, వెళ్ళేటప్పుడొక ఫొటో, రెండూ వార్డు గోడకెక్కాలి, నువ్వు పెట్టిన రూలే కదా. "దాతకు నా కృతజ్ఞతలు" అని రాసిన పలక చేతికిచ్చి, గుండెలకి ఆనించి పట్టుకుని కాస్త నవ్వమన్నాడు. గడ్డ ఉన్నచోటే, తమ్ముడూ.

ఆవిడ పలక మంచం మీద పెట్టి చెప్పులు వేసుకుంది.

"రేపు నేను కొలతలు తీసేవాళ్ళంతా నన్నీ గోడ మీద చూస్తారమ్మా. ఆ కళ్ళతో చూస్తుంటే టేపు పట్టుకోలేను. వెళ్ళొస్తాను," అంది.

మేనేజరుతో దెబ్బలాడాను. ఫొటో లేనిదే మంచం లేదు, పైనుంచి వచ్చిన ఆర్డరన్నాడు. పైనంటే దేవుడు కాదు, నువ్వు. నీకు మూడుసార్లు ఫోను చేస్తే నీ సెక్రటరీ మూడుసార్లూ రాసుకుంది. ఏం రాసుకుందో నువ్వే అడుగు. ఆవిడ ఇంటికి రెండుసార్లు వెళ్ళాను. మిషను మీంచి తల ఎత్తలేదు. గడ్డ పెరుగుతోందా అంటే, పనుందమ్మా అంది. ఫొటో లేదంటే మాత్రం ఏ రోజైనా వస్తానంది.

తిట్లన్నీ నీ ఒక్కడివే అనుకోకు. వార్డు తెరిచిన కొత్తలో, కంటి కట్టు విప్పగానే ఒక తాతగారు నవ్వితే ఫొటో తీసి నీకు పంపిందెవరు? నేనే. మనవరాలికి పంపమని ఆయన తీయించుకుంటే, నువ్వు మురిసిపోతావని నీకూ పంపాను. నువ్వు మురిశావు, గోడకెక్కించావు, ఆ తర్వాత వచ్చినవాళ్ళందరూ నవ్వి తీరాలన్నావు. కోతికి కొబ్బరికాయ ఇచ్చిన దాన్ని నేనే. అది తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇక, ఇంతసేపూ నీకు చెప్పకుండా నాన్చిన సంగతి. కంపెనీ పెద్దల ఇంటివాళ్ళు చేరితే ఫొటో ఉండదు, పలక ఉండదు. మూడో అంతస్తులో విడిగది, తలుపుకి తెర, బయట పేరు కూడా రాయరు. నిన్న ఆవిడను ఆ గదిలో చేర్చాను. ఫారంలో బంధుత్వం అన్నచోట "కంపెనీ పెద్దగారి అక్క" అని రాసి కింద సంతకం పెట్టాను. అప్పటి నుంచి ఆ మేనేజరే గంటకోసారి వచ్చి, లోపల ఎవరో తెలియక తెర బయటినుంచే, చల్లగాలి సరిపోయిందా అమ్మగారూ అని అడిగి పోతున్నాడు. ఆవిడకి భయం సగం, నవ్వు సగం.

ఇది కంపెనీ తపాలా సంచిలో వేస్తున్నాను, రేపటికి నీ బల్ల మీద ఉంటుంది. ఆపరేషను ఎల్లుండి ఉదయం. ఈలోగా ఎవరో ఒకరు నిన్నడుగుతారు, మీకు ఎంతమంది అక్కలని. ఒక్కతే అన్నావా, ఆవిడను మంచం మీంచి దింపేస్తారు. నా ఉద్యోగం ఊడితే ఊడనీ, నాలుగు ఇళ్ళల్లో సూదిమందులేసుకుని బతుకుతాను. ఆవిడ మాత్రం ఇంక ఈ గడప తొక్కదు, ఆ గడ్డతోనే పోతుంది. ఇద్దరని చెప్పు. నువ్వు చేసిన దానాల్లో ఫొటో లేనిది ఇదొక్కటైనా ఉంటుంది.

నీ ఉపన్యాసం చదవను. సభ రోజుకి ఆ గోడ ఖాళీ అవకపోతే, మైకు ముందు ఈ ఉత్తరమే చదువుతాను. నన్ను ఆపగలిగినవాడు ఇంకా పుట్టలేదని నీకన్నా బాగా ఎవరికి తెలుసు.

మరదలికీ పిల్లలకీ నా దీవెనలు. నీ చిన్నక్క కూడా నిన్ను అడిగానని రాయమంది.

ఇట్లు,
నీ పెద్దక్క